కుమారి పసుపు పెట్టిన వస్ప

మా ఎదురింటి కుమారి చీరను చీర అనదు, మాల్ అంటుంది. సూరత్‌లో అందరూ అంతే. మిల్లులో రంగు పడ్డప్పటి నుంచి లారీ ఎక్కేదాకా ఇక్కడ చీర సరుకే, దాని పేరు మాలే. పర్వత్ పాటియాలో మేముండే సందులో ఏ గుమ్మంలోకి తొంగిచూసినా ఓ కట్ట విప్పి ఉంటుంది, ఓ కట్ట కట్టి ఉంటుంది, మధ్యన ఒక ఆడమనిషి కత్తెర పట్టుకుని కూర్చుని ఉంటుంది. పొద్దున మార్కెట్ వాళ్ళు టెంపోలో మాల్ దింపిపోతారు, సాయంత్రం ఎత్తుకుపోతారు. బ్యాంకు ఉద్యోగం మీద రాజమండ్రి నుంచి వచ్చిన కొత్తలో ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. చీరను పట్టుకుని ఉల్లిపాయల బస్తాను అన్నట్టు మాల్ అంటారేమిటని కుమారితో దెబ్బలాడాను కూడా. ఆమె పోగు ఒకటి పళ్ళతో తెంపి, నా చీర అంచు రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, ఇది కూడా ఈ గల్లీలోంచి పోయిన మాలే అక్కా, లేసు కుట్టింది మా పక్కింటామె, చెయ్యి తెలిసిపోతుంది అంది. ఆ చీర నేను రాజమండ్రిలో, మంచి పేరున్న దుకాణంలో, రెండు పూటలు ఏరి కొనుక్కున్నది.

నాకు ముక్కు మీద కోపం. ఉషాదేవి, అంటే నేను, గదిలో ఉందంటే మా బ్రాంచిలో కౌంటర్ల దగ్గర గొంతులు తగ్గుతాయని నాకు తెలుసు, తెలిసీ దాన్ని మార్చుకోలేదు. కానీ కుమారి దగ్గర నా కోపం పారదు. ఆమె నాకంటే ఒక మాట ఎక్కువే అంటుంది, అనేసి టీ పోస్తుంది. అందులో అల్లం మరీ ఎక్కువ. అది కూడా చెప్పాను, ఇప్పటికీ తగ్గించలేదు.

కుమారిది సిరిసిల్ల దగ్గర పల్లె. పెళ్ళయిన ఏడాదికే భర్త నరసింహులుతో సూరత్ వచ్చింది. అతను చాలాకాలం మగ్గాల షెడ్డులో పనిచేసి, ఆ మోతకు చెవులు మొద్దుబారాక రింగ్ రోడ్‌లో ఒక మార్కెట్లో పార్సిళ్ళు కట్టే పనికి మారాడు. మనిషి మెత్తన. ఏది అడిగినా ముందు నవ్వుతాడు, తరువాత ఏమన్నావని అడుగుతాడు. కుమారి ఇంట్లోనే కూర్చుని చీరలకు లేసు కుడుతుంది, పోగులు కత్తిరిస్తుంది, మడత పెడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా మరకలు పట్టుకుంటుంది. మగ్గం నూనె నువ్వుగింజంత పడినా ఆమె కన్ను దాన్ని వదలదు. మరక పడ్డ చీరను డ్యామేజ్ అని పక్కకు విసిరేస్తుంది. దాన్ని మార్కెట్ వాళ్ళు తూకానికి అమ్మేసుకుంటారు. ఈ ఒక్క విషయంలో ఆమెకు జాలి లేదు. సందులో మిగతా ఆడవాళ్ళు తాము కుట్టిన మాల్ ఆమె చూస్తుంటే ఊపిరి బిగబట్టుకుని నిలబడటం నేనే చాలాసార్లు చూశాను.

అలాంటి కుమారికి పోయిన ఏడాది ఒక కోరిక పుట్టింది. సొంతంగా చీరలు చేయించాలని. ఎవరో గీసిన పువ్వుకు ఎవరో చెప్పిన లేసు కుట్టి కుట్టి విసుగెత్తిందనీ, ఈసారి పువ్వూ తనదే, అంచూ తనదే అనీ చెప్పింది. చెప్పి ఊరుకునే రకం కాదు. బట్ట తనే ఏరింది. ఒళ్ళంతా ఒకటే రంగు, అంచు వెంట చిన్న చిన్న తంగేడు పూలు. ఆ పువ్వు ఎలా ఉండాలో ఎంబ్రాయిడరీ మిషను కుర్రవాడికి చెప్పలేక, సిరిసిల్ల నుంచి వచ్చే చుట్టాలతో ఎండిన తంగేడు కొమ్మ తెప్పించి అతని మిషను మీద పెట్టింది. ఆరు రంగుల్లో ఆరు చీరలు తయారయ్యాయి. సూరత్ లెక్కలో అది ఒక సెట్టు.

ఆ సెట్టును చూడటానికి ఒక పార్టీ రావాలి. పార్టీ అంటే కొనేవాళ్ళు. నరసింహులు ఎవరి పార్సిళ్ళు కడతాడో వాళ్ళలో కరీంనగర్ నుంచి వచ్చే విజయశ్రీ అని ఒకామె ఉంది. పెద్ద దుకాణం. సీజనుకు ముందు వచ్చి రింగ్ రోడ్ అంతా తిరిగి, సేఠ్‌లను ఏడిపించి, తనకు కావలసింది తీసుకుపోతుంది. ఆమెను బతిమాలి బతిమాలి ఒక ఆదివారం ఇంటికి వచ్చి చూడటానికి ఒప్పించాడు నరసింహులు. ఆమె సరే అంటే కుమారి సొంత చీరలు మొదలవుతాయి. కాదంటే ఆ ఆరూ బీరువాలోకి, కుమారి మళ్ళీ పరాయి మాల్ ముందుకు. రెండోసారి ప్రయత్నించనని ఆమె నాతో ముందే చెప్పింది. పైకి తేలిగ్గానే అంది కానీ, ఆ వారమంతా ఆమె టీలో అల్లమే లేదు. అప్పుడు నాకు భయం వేసింది.

అన్నీ కుదిరాక పేరు దగ్గర ఆగింది పని. సూరత్‌లో పేరు లేకుండా సెట్టు బయటికి పోదు. డబ్బా మీద అచ్చు వేయాలి, పార్టీ ఫోన్ చేసి ఆ పేరుతోనే అడగాలి. దేవతల పేర్లు, నదుల పేర్లు, సినిమా హీరోయిన్ల పేర్లు ఎప్పుడో అయిపోయాయి. నరసింహులు నవ్వుతూ కుమారి సిల్క్ అన్నాడు. అందులో సిల్కు పోగు ఒక్కటి లేదు, అబద్ధంతో మొదలుపెట్టను అంది ఆమె. తంగేడు అన్నాను నేను. కరీంనగర్‌లో బస్సు దిగితే రోడ్డు పక్కన కనిపించేదే కదా, దాని కోసం దుకాణానికి ఎవరు వస్తారని కొట్టిపారేసింది. నాకు కోపం వచ్చి లేచి మా ఇంటికి వచ్చేశాను. మళ్ళీ కాసేపటికి ఏం పేరు పెట్టారో తెలుసుకుందామని వెళ్ళాను.

అప్పటికి వాళ్ళమ్మాయి వర్షిణి గుమ్మంలో కూర్చుని ఉంది. బరోడాలో భాషాశాస్త్రం చదువుతోంది, సెలవులకు వచ్చింది. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల, ఒక వాక్యంలో మూడు భాషలు కలుపుతుంది. ఆ చదువు ఎందుకు పనికొస్తుందో మా సందులో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు, కానీ తెలిసినట్టు ఉంటాను. వర్షిణి మా గోల కొంతసేపు విని, తన దగ్గర ఒక పేరుందని చెప్పింది. వస్ప.

మూడున్నర వేల ఏళ్ళ కిందట, ఇప్పటి టర్కీ ఉన్నచోట హిట్టైట్లు అనే జనం ఉండేవాళ్ళట. తడి మట్టి పలకల మీద పుల్లతో నొక్కి రాసేవాళ్ళట. ఆ మనుషులు పోయారు, వాళ్ళ భాష మాట్లాడేవాళ్ళు లేకుండా పోయారు. పలకలు మట్టిలో మిగిలితే, వాటిని చదవడం కిందటి శతాబ్దంలో మళ్ళీ వచ్చిందట. వాటి మీద వస్పస్ అని ఒక మాట కనిపిస్తుంది. చివరి స్ వాక్యంలో కర్తను చూపడానికి చేరింది, అది తీస్తే మిగిలేది వస్ప. దుస్తు అని అర్థం. ఆ మాట మొదట్లో ఉన్న వస్ అనే ముక్కకు ఒంటిమీద వేసుకోవడమని అర్థమట. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న వస్త్రంలో ఉన్న వస్ కూడా అదేనట, రెండూ ఒక తల్లి పిల్లలట. ఇదంతా ఆ పిల్ల మూడు భాషల్లో చెప్పినా నాకు బాగానే అర్థమైంది.

నరసింహులు నవ్వి, ఏమన్నావని అడిగి, రెండోసారి విన్నాక ఏదో స్కూటర్ పేరులా ఉందన్నాడు. నేనూ ఊరుకోలేదు. కొనేవాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాని పేరు ఎందుకన్నాను. కుమారి మాత్రం కత్తెర కింద పెట్టింది. నేను చూసినంతలో, పని మధ్యలో ఆమె కత్తెర కింద పెట్టడం అదే మొదలు.

"ఆ మాట కట్టుకునుడు నుంచి వచ్చిందా బిడ్డా, నేసుడు నుంచి వచ్చిందా?"

"కట్టుకునుడే మమ్మీ. సాచు, నిజమే చెప్తున్న. నేసుడికి సంబంధం లేదు."

"అయితే కట్టుకుంటేనే వస్ప. కట్టుకోకుంటే వట్టి బట్ట."

అది మా ప్రొఫెసరు చెప్పింది కాదు, నీ సొంతం అని వర్షిణి నవ్వింది. కుమారి వినిపించుకోలేదు. పలకను ఎవరు రాశారు, ఆడవాళ్ళా మగవాళ్ళా, వాళ్ళ బట్టలకు అంచులుండేవా అని వరసగా అడిగింది. వర్షిణికి కొన్ని తెలుసు, కొన్ని తెలియవు. తెలియనివి తెలియవనే చెప్పింది. చివరికి కుమారి నా వైపు తిరిగి, మీరు జార్జెట్ అంటారు, షిఫాన్ అంటారు, వాటి అర్థం తెలిసే కట్టుకుంటున్నారా అని అడిగింది. పేరు ఖాయమైంది. మరునాడే ఆరు డబ్బాల మీద పెద్ద అక్షరాలతో వస్ప అని అచ్చు పడింది, కింద చిన్నగా ఒక తంగేడు పువ్వు.

ఆదివారం వచ్చింది. నరసింహులు పొద్దున్నే రింగ్ రోడ్‌కు వెళ్ళాడు, విజయశ్రీని ఆటోలో తీసుకురావడానికి. నేను ఇడ్లీలు పట్టుకుని ఎదురింటికి వెళ్ళేసరికి వర్షిణి తల పట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. కుమారి నేల మీద కూర్చుని తన కుడిచేతి వేలును తనే చూసుకుంటోంది. వేలి కొసకు పసుపు. ముందు ఆరు చీరలు. ఒక్కోదాని చెంగు మూల మీద ఒక పసుపు బొట్టు, ఇంకా తడిగా మెరుస్తోంది.

మన ఇళ్ళలో కొత్త బట్టకు మూల మీద ఇంత పసుపు పెట్టందే ఒంటిమీద వేసుకోం. అది ఎవరూ నేర్పరు, తల్లి చెయ్యి చూసి చెయ్యే నేర్చుకుంటుంది. కుమారి తలస్నానం చేసి, దీపం పెట్టి, మంచి జరగాలని చీరలు దేవుడి ముందు పెట్టి, గిన్నెలో పసుపు తడిపింది. తరువాత చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఆరోదానికి కూడా పెట్టాక కానీ ఇది అమ్మే సరుకని గుర్తు రాలేదు. ఎన్ని వేల చీరలు ఆ చేతి కింద నుంచి పోయాయో, ఒక్కదానికి పసుపు అంటలేదు. ఎవరి చీర మీదైనా నువ్వుగింజంత మరక కనిపిస్తే జాలి లేకుండా విసిరేసే మనిషి, తన మొదటి సెట్టు మొత్తం తనే డ్యామేజ్ చేసుకుంది.

నాకు ముందు కోపం వచ్చింది, తరువాత నవ్వు వచ్చింది, ఆమె మొహం చూశాక రెండూ పోయాయి. వర్షిణి పరుగెత్తుకుంటూ వెళ్ళి సబ్బు తెచ్చింది. వద్దు వద్దు అంటుండగానే మెరూన్ రంగు చీర మూల తడిపి రుద్దింది. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో అంత చదివిన పిల్లకు తోచలేదు, కళ్ళముందే జరుగుతున్నా ఆపడం నాకూ తోచలేదు. బొట్టు కాస్తా ఎర్రగా మారింది, చుట్టూ పాకింది కూడా. ముగ్గురం దాన్ని చూస్తూ కూర్చున్నాం. అంతలో నరసింహులు ఫోన్ చేశాడు, సందు మొదట్లో ఉన్నామని. కాసేపు ఊరు తిప్పి తీసుకురమ్మని అతనికి చెప్పాలని చూశాను. అతను మామూలుగానే నవ్వి, ఏమన్నారని అడిగేలోపు ఆటో గుమ్మం ముందు ఆగింది.

చీరలు మడత పెట్టి మూల లోపలికి దాచేద్దామని నేను గుసగుసలాడాను. కుమారి తల అడ్డంగా ఊపింది. ఎవరైనా మరక లోపలికి మడిచి నా ముందు పెడితే నేనేం చేస్తానో మీకు తెలుసు కదక్కా అంది. లేచి నిలబడి, ఆరు చీరలూ చెంగులు పైకి వచ్చేలా చాప మీద పరిచింది.

విజయశ్రీ భారీ మనిషి. భుజానికి అడ్డంగా సంచి, జుట్టు సగం తెలుపు. మంచినీళ్ళు కూడా పని అయ్యాకే తాగుతుందట. వచ్చీ రాగానే చాప ముందు కూర్చుని మొదటి చీర చేతిలోకి తీసుకుంది. బట్టను పిడికిట్లో నలిపి వదిలింది, ముడత పడలేదు. అంచు తిరగేసి వెనక కుట్టు చూసింది. తంగేడు పూల మీద గోరు ఆనించి గీసింది. తరువాత బొటనవేలు చెంగు మూలకు పోయి అక్కడ ఆగింది. రెండోది తీసింది, ఆగింది. మూడోది తియ్యకుండానే తల ఎత్తింది.

కుమారి నీళ్ళు నమలలేదు, సాకులు చెప్పలేదు. పొద్దున ఏం జరిగిందో జరిగినట్టు చెప్పింది. వస్ప అంటే ఏమిటో, ఆ మాట ఎక్కడిదో, దాన్ని విన్నప్పటి నుంచి తన చేతికి ఇవి సరుకు కాక కట్టుకునే చీరలైపోయాయనీ చెప్పింది. ఎర్రగా మారిన మెరూన్ చీరను ముందుకు జరిపి ఇది ఇంకా పాడైంది అంది. నరసింహులు నవ్వడం మరిచిపోయాడు.

విజయశ్రీ ఆ ఆరు బొట్లూ ఒక్కొక్కటిగా చూసింది. పసుపు పెట్టిన చీరను గిరాకీ ముందు వెయ్యలేననీ, వేరేవాళ్ళ పేరున పెట్టిన పసుపు అని ఏ ఆడదీ ముట్టుకోదనీ చెప్పింది. కుమారి తల దించుకుంది. అప్పుడు విజయశ్రీ, తన దుకాణంలో చీరలు చూపించే అమ్మాయిలు ఐదుగురున్నారని మొదలుపెట్టింది. ఈ చీరలు వాళ్ళకు కట్టిస్తుందట. డబ్బాలో చూసిన చీర కంటే ఒంటిమీద చూసిన చీరనే జనం అడుగుతారట. అలా అడిగినవాళ్ళకు ఇవ్వడానికి పసుపు లేని సెట్లు వెంటనే కావాలట.

"ఈసారి పసుపు పెట్టకు కుమారీ. అది కొన్నామె పని. ఆమె ఇంట్ల, ఆమె చేత్తోని పెట్టుకోవాలె."

నరసింహులు నవ్వు మొదలుపెట్టి ఆపలేకపోయాడు. వర్షిణి నా చెయ్యి పట్టుకుని నొక్కేసింది, గాజు ఒకటి చిట్లినా తిట్టలేదు. విజయశ్రీ చీరలు ఒక్కొక్కటి మడిచి సంచిలో పెట్టుకుంటోంది. ఐదు అమ్మాయిలకు, ఆరోది తనకు. మెరూన్ తనకు నప్పుతుందని, మరక కుచ్చిళ్ళలోకి పోయేట్టు చెంగు మార్చి కట్టుకుంటానని దాని మీద చెయ్యి వేసింది.

కుమారి కూడా దాని మీద చెయ్యి వేసింది.

"ఇది ఇయ్య మేడం."

కాళ్ళదాకా వచ్చిన బేరం. పైగా సూరత్‌లో ఎవరూ సెట్టు విడగొట్టరు, ఒకటి తగ్గితే సెట్టే కాదంటారు. నేను వెనక నుంచి కుమారి కొంగు లాగాను. ఆమె కదలలేదు. ఎందుకియ్యవని విజయశ్రీ అడిగింది, ఆమె గొంతు అంత మెత్తగా లేదు.

"చెయ్యి మరిచిపోయి పెట్టిందని చెప్పిన గాని, అది సగమే నిజం. ఐదిటికి మరిచిపోయే పెట్టిన. ఇది చేతిలకు తీసుకున్నప్పుడు మాత్రం నేను కట్టుకున్నట్టు కనబడ్డది. కట్టుకుందమనే పెట్టిన. మీకు సెట్టు కావాలంటే మొత్తం వద్దనుండ్రి, నేనేం అనుకోను. ఇదైతే ఇయ్య."

విజయశ్రీ తన చెయ్యి తీసింది. తీసి, మెల్లగా, పొట్ట కదిలేలా నవ్వింది. రింగ్ రోడ్‌లో ఇంతమంది సేఠ్‌లతో బేరమాడిందట, సరుకు అమ్మనన్నవాళ్ళు ఒక్కళ్ళూ తగల్లేదట. ఐదే తీసుకుంది. తనకు ఇంకో మెరూన్ చేయించమంది, అది ముందు పంపమంది. నెలాఖరుకు ఎన్ని సెట్లు కాగలవో నరసింహులుతో మాట్లాడుతూ అప్పుడు మంచినీళ్ళు తాగింది. నా ఇడ్లీలు కూడా తిన్నది, చట్నీలో ఉప్పు తక్కువైందని చెప్పి మరీ.

ఈలోగా కుమారి లోపలికి వెళ్ళి ఆ చీర కట్టుకుని వచ్చింది. ఎప్పుడూ మోకాళ్ళ మీద మాల్ వేసుకుని వంగి కూర్చునే మనిషి కదా, ఆమె ఇంత పొడుగని నాకు ఆ రోజే తెలిసింది. తంగేడు పూలు అంచు వెంట పాదాల చుట్టూ తిరిగి భుజం మీదకు ఎక్కాయి. ఎర్ర మరక ఎక్కడో పోయింది, నేను వెతికినా కనిపించలేదు. నరసింహులు ఆమెను చూసి ఈసారి నవ్వలేదు, ఏమన్నావని అడగలేదు. చూస్తూ ఉండిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకని ఎవరైనా అడిగితే తిట్టేదాన్ని. పట్టలేని సంతోషం, అంతే.

ఆటో దాకా సాగనంపడానికి అందరం బయటికి వచ్చాం. సందులో ప్రతి గుమ్మంలోనూ కత్తెరలు ఆగాయి. విజయశ్రీ ఎక్కింది, ఆటో మలుపు తిరిగి వెళ్ళిపోయింది. మేం వెనక్కి తిరిగాం. కుమారి తిరగలేదు. ఎక్కడికని వర్షిణి పిలిస్తే వినిపించుకోకుండా మెయిన్ రోడ్ వైపు నడిచింది. కూరగాయలకు కాదు, పాలకు కాదు, చేతిలో సంచి కూడా లేదు. ఆ చీర కట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో, పర్వత్ పాటియా అంతటికీ కనిపించేలా ఆ చివరిదాకా నడిచి వెళ్ళింది.